మూడో అంచె

ఉత్తరం వచ్చిన రోజు నుంచి శాంతకుమారికి అన్నం సయించడం లేదు. ముద్ద నోటి దాకా తెచ్చి మళ్లీ కంచంలోనే పడేస్తోంది.

ఉత్తరం వచ్చింది ఆమెకు కాదు, కూతురు పూజితకు. పోయిన వేసవిలో యూరప్ పోటీల్లో పూజిత ఇచ్చిన మూత్రంలో నిషేధించిన మందు దొరికిందట. ఫ్రాన్స్ రిలే జట్టు గెలుచుకున్న కాంస్య పతకాలు వెనక్కి ఇచ్చేయాలట. ఒక్కరి ఒంట్లో మందు దొరికినా నలుగురి పతకాలూ పోతాయి.

"ఛీ" అంది శాంతకుమారి. బాత్‌రూమ్‌లోకి వెళ్లి వాంతి చేసుకుంది.

వాళ్లది యానాం. తాతల కాలం నుంచీ ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబం. పారిస్ శివార్లలో పుట్టిన పూజిత పదేళ్లకే బడిలో మగపిల్లల్ని దాటి పరుగెత్తేది. పంతొమ్మిదేళ్లకు జూనియర్లలో దేశానికే మొదటిది. అక్కడితో ఆగిపోయింది. వంద మీటర్లలోనైనా, రెండు వందల మీటర్లలోనైనా సెమీఫైనల్ దాటలేదు. ఒక ఏడాది సెకనులో వందో వంతు తేడాతో పోయింది. ఇంకో ఏడాది తొడ కండరం చిట్లింది. రిలే జట్టులో పేరైతే ఉండేది గానీ, బెంచీ మీదే కూర్చోబెట్టేవాళ్లు. ఎనిమిదేళ్లు అలాగే గడిచాయి.

లండన్‌లో మంచి కోచ్ దొరికాడని రెండేళ్ల కిందట ఇల్ఫర్డ్‌లో ఫ్లాట్ తీసుకుంది. తండ్రి లేడు. వండిపెట్టడానికి తల్లి వెంట వచ్చింది.

పోయిన ఏడాది కాలం కలిసొచ్చింది. వంద మీటర్లలో మొదటిసారి ఫైనల్ చేరింది. రిలేలో మూడో అంచె ఆమెకే ఇచ్చారు. మూడో అంచె అంటే వంపులో పరుగు, కాళ్లలో సత్తువ లేకపోతే వంపు బయటికి నెట్టేస్తుంది. పూజిత ఐదో స్థానంలో బేటన్ అందుకుని మూడో స్థానంలో అందించింది. స్టాండులో శాంతకుమారి ముక్కూ ముఖం తెలియని మనిషిని పట్టుకుని ఏడ్చేసింది.

ఇప్పుడా పరుగు వీడియో కనబడితే ముఖం తిప్పుకుంటోంది.

చివరి అంచె పరుగెత్తిన ఒడీల్ పారిస్ నుంచి ఫోన్ చేసింది. తన బతుకులో గెలిచింది ఆ ఒక్క పతకమేనంది. ఆ రోజు నీ చేతిలోంచి బేటన్ అందుకున్నానంటే ఒళ్లు జలదరిస్తోందంది. పూజిత ఏడుస్తూ, తనేమీ తీసుకోలేదని చెబుతూనే ఉంది. అవతల ఎప్పుడో ఫోన్ పెట్టేశారు. శాంతకుమారి వంటగదిలో నిలబడి అంతా వింది. సింకు దగ్గర సబ్బుతో చేతులు రుద్దుకుంటూ ఉండిపోయింది, తోలు మండేదాకా.

ఆ రోజు నుంచి పొయ్యి వెలిగించలేదు. హోటలు నుంచి టేకవే డబ్బాలు వస్తున్నాయి. చల్లారిన నూనె వాసన ఫ్లాటంతా పట్టేసింది. తల్లి వంట ఎందుకు మానేసిందో పూజిత అడగలేదు. అడగాల్సిన పని లేదనుకుంది కాబోలు.

కేసు ప్రదీప్ చూస్తున్నాడు. హైదరాబాద్ నుంచి వచ్చి ఈస్ట్ హామ్‌లో స్థిరపడిన లాయరు. ఫ్లాట్‌కి వచ్చి ప్రతి డబ్బా అడిగాడు. విటమిన్లు, మోకాలి ఆయింట్‌మెంట్, టూత్‌పేస్ట్. శాంతకుమారే సంచుల్లో వేసి ఇచ్చింది. ల్యాబులో పరీక్ష చేయించారు. ఒక్కదాన్లోనూ ఏమీ లేదు.

"ఆ మందు దానంతట అది ఒంట్లోకి రాదు ఆంటీ" అన్నాడు ప్రదీప్. "ఎలా వచ్చిందో చెప్పగలిగితే శిక్ష బాగా తగ్గుతుంది. చెప్పలేకపోతే నాలుగేళ్లు ట్రాక్ ఎక్కనివ్వరు. తప్పు ఒప్పుకుంటే మూడేళ్లు. మీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుస్తాయి బాబూ" అంది శాంతకుమారి గోడకేసి చూస్తూ.

పూజితకు ఇరవై ఎనిమిది. మూడేళ్లయినా, నాలుగేళ్లయినా ఆమెకు ఒకటే. ఒప్పుకోవడానికి ఇచ్చిన గడువు ముగిసే రోజున చీరల కొట్టు మీద ఉన్న ప్రదీప్ ఆఫీసుకి ఇద్దరూ వెళ్లారు. పూజిత చాలాసేపు కాగితం చదివింది. తెలిసే మందు వాడానని అందులో ఉంది. ఇంక పోట్లాడే ఓపిక లేదంది. సంతకం పెట్టేసింది.

శాంతకుమారి ఆ సంతకం చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగింది.

ఇల్ఫర్డ్ బస్సులో పై అంతస్తులో కూర్చున్నారు. పూజిత ఇంట్లో ఎప్పుడూ ఫ్రెంచే మాట్లాడుతుంది. ఆ రోజు వచ్చీరాని తెలుగులో అడిగింది.

"అమ్మా, నేనంటే నీకు అసహ్యమా?"

శాంతకుమారి తల అడ్డంగా ఊపింది.

"అబద్ధం. నా ముఖం చూడవు. నాకు వండవు. ఒడీల్ లాగే నువ్వూ."

"నువ్వేమీ తీసుకోలేదు. నాకు తెలుసు."

పూజిత ఆమె వైపు తిరిగింది. ఇన్నాళ్లకు ఆ మాట అన్న మనిషి ఒక్కరు దొరికారు. తల్లి చెయ్యి పట్టుకోబోయింది. శాంతకుమారి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"దొంగనని నేనే రాసిచ్చాను. ఇంకెవరూ నమ్మరు. నువ్వొక్కదానివి ఎలా నమ్ముతున్నావమ్మా?"

శాంతకుమారి కిటికీ వైపు తిరిగింది.

పోటీలకు ముందు ఏడు నెలలపాటు, రోజూ కూతురు నిద్ర లేవకముందే, ఆ మందు మాత్రలు మెత్తగా నూరి ఆమె తాగే రాగిజావలో కలిపింది తనే.