మొహం బాగా పడాలి

బోర్డు మీద రాలిపోయిన అక్షరం అతికించాలి. గదుల్లో దుప్పట్లు మార్చాలి. మేడమెట్ల దగ్గర పగిలిన అద్దం తీసేయాలి. కిటికీలోంచి కొండ కనిపించేలా ఫొటోలు తీయించాలి. వచ్చి వెళ్ళినవాళ్ళకి ఫోన్లు చేసి, నాలుగు మంచి మాటలు రాయమని బతిమాలాలి. నీళ్ళు వేడిగా రాలేదన్న పాత ఫిర్యాదుకి మర్యాదగా జవాబివ్వాలి. వరండాలో కూర్చునే మామ్మగారిని కాస్త ముస్తాబు చేయాలి.

ప్రచారం పని చూసే అమ్మాయి ఇదంతా చదివి వినిపించింది. లాడ్జి యజమాని అన్నిటికీ తలూపి, చివరిదానికి మాత్రం అడ్డంగా తిప్పాడు.

"ముస్తాబు వద్దమ్మా. ఎలా ఉందో అలాగే పడాలి."

అమ్మాయికి నీరసం వచ్చింది. పెద్ద హోటళ్ళకి పెద్ద కంపెనీలు పనిచేస్తాయి. ఇలాంటి చిన్న లాడ్జీలకి తనలాంటివాళ్ళే దిక్కు. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కింది తనొక్కతే. అందుకే చదివింది చదివినట్టు చేయాలని తాపత్రయం. చిన్న లాడ్జీలవాళ్ళు గదుల గొప్ప చెప్పుకుంటే ఎవరూ వినరు, మనుషుల కథ చెప్పాలని ఆమె చదువుకుంది. ఇక్కడ కథ గేటుకి ఎదురుగానే కూర్చుని ఉంది. ఒళ్ళో సంచీ, భుజాల మీద వెలిసిపోయిన ఊదారంగు శాలువా, చూపు రోడ్డు మీదే. అతిథుల కోసం ఎదురుచూసే మామ్మ. ఇంతకన్నా ఏం కావాలి?

కొత్త రోడ్డు ఊరి బయటినుంచి వేశాక బళ్ళు ఇటు రావడం మానేశాయి. ఈ సీజను కూడా ఇలాగే పోతే తాళం వేసుకోవడమేనని యజమాని మొదటిరోజే చెప్పాడు.

"మేమిద్దరం ఎక్కడో ఒకచోట తలదాచుకుంటాం," అంది ఆయన భార్య టీ కప్పులు పెడుతూ. "ఈవిడ సంగతే. ఆ కుర్చీ అంగుళం జరిపినా ఊరుకోదు."

మామ్మగారు తల తిప్పి, బండి వచ్చిందా అని అడిగింది.

"దారిలో ఉందటమ్మా," అన్నాడు యజమాని. వెయ్యిసార్లు చెప్పిన మాటలా అలవాటుగా వచ్చింది, విసుగు మాత్రం లేదు.

మతిమరుపు కాబోలు అనుకుంది అమ్మాయి. పోనీలే, ఫొటోకి జ్ఞాపకశక్తితో పనేముంది.

ఫొటోలు తీసే రోజు ఆమె కొత్త శాలువా పట్టుకొచ్చింది. యజమాని దాన్ని మడతపెట్టి తిరిగి ఇచ్చేశాడు. సంచీ అయినా పక్కన పెట్టిద్దామంటే ససేమిరా అన్నాడు. ఫొటోగ్రాఫరు గదులు తీస్తానన్నాడు, కొండ తీస్తానన్నాడు. కొండ ఎక్కడికీ పోదు, ముందు మొహం తియ్యమన్నాడు యజమాని. దగ్గర్నించి, పక్కనించి, మళ్ళీ దగ్గర్నించి. విసిగిపోయిన ఫొటోగ్రాఫరు, గడ్డం మీద పుట్టుమచ్చని కంప్యూటర్లో చిటికెలో చెరిపేస్తానని ఆశ చూపించాడు.

"కావాలంటే నీ గడ్డం చెరుపుకో నాయనా. ఆ మచ్చ జోలికి పోయావంటే ఊరుకోను."

అసలు పేచీ పత్రిక దగ్గర వచ్చింది. ప్రయాణాల పత్రిక ఒకదాన్ని అమ్మాయి కాళ్ళరిగేలా తిరిగి ఒప్పించింది. యజమానికి దినపత్రికే కావాలట. అది ఎన్ని ఊళ్ళకి పోతుంది, మారుమూలలకి కూడా వెళ్తుందా అని గుచ్చి గుచ్చి అడిగాడు.

"బాబాయిగారూ, మనకి అందరూ అక్కర్లేదు," అని ఆమె ఓపిగ్గా చెప్పింది. "బ్యాగు సర్దుకుని బయల్దేరే కొద్దిమంది చాలు. దినపత్రిక అయితే సాయంత్రానికల్లా అలమరలో పరిచేస్తారు."

"పరవనీ. తలుపు తీసినప్పుడల్లా మొహం కనబడుతుంది కదా."

"గది తీసుకోనివాళ్ళు చూస్తే మనకేం లాభం?"

ఆయన కుర్చీ వైపు చూసి, ఆవిడ ముందు ఆ మాటలొద్దన్నాడు.

గోడకి చెప్పుకున్నా ఇంతకంటే నయం అనిపించింది అమ్మాయికి. తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి తనే దిగొచ్చింది. తెలిసినవాళ్ళని పట్టుకుని, దినపత్రిక ఆదివారం సంచికలో కాస్త చోటు సంపాదించింది. ఫొటో పెద్దదిగా వేయడానికి ఒప్పించింది. గదుల గురించి రాసింది తక్కువే. కుర్చీ గురించి, సంచీ గురించి, గేటు చప్పుడైతే చాలు లేచి నిలబడే ఆ ముసలి మోకాళ్ళ గురించి రాసింది. మామ్మగారి పాత సంగతులేమైనా చెప్పమంటే, యజమాని నేల చూపులు చూశాడు. మొహమాటం అనుకుంది.

రాసిందంతా ఆఫీసు గదిలో కూర్చుని చదివి వినిపించింది. ఆయన భార్య ముక్కు చీదుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

"బాగా వచ్చిందమ్మా," అన్నాడాయన. మొహంలో ఆనందం కంటే అలసటే ఎక్కువ కనబడింది.

ఇక ఆఖరి వాక్యం మిగిలింది. మామూలుగా అక్కడ చిరునామా, ఫోను నంబరు, గది అద్దె వేస్తారు.

"అది నేను చెప్తాను, రాసుకో," అన్నాడు.

లేచి వరండాలోకి తొంగిచూశాడు. మామ్మగారు సంచీ మీద రెండు చేతులూ పెట్టుకుని కునికిపాట్లు పడుతోంది. తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసి వచ్చాడు. గొంతు తగ్గించాడు. అమ్మాయి కలం పట్టుకుంది.

"చదివేవాళ్ళకి మనవి: ఈవిడెవరో మాకు తెలియదు, మా లాడ్జిలో దిగి, బండి తెస్తామని ఈవిడని ఆ కుర్చీలో కూర్చోబెట్టి వెళ్ళినవాళ్ళు మళ్ళీ రాలేదు, తన పేరు తనకే గుర్తు లేదు, ఈ మొహం ఎక్కడ చూశారో మీరైనా కాస్త గుర్తు తెచ్చుకోండి."