పుక్కిట పట్టిన నీళ్ళు

ఒక ఇంటి గాజుతొట్టిలో ముసలి పరిగ ఒకటి ఉండేది. చెరువులో పుట్టిన చేప కదా, దానికి ఎప్పుడూ చెరువు ముచ్చట్లే. "మా తామరచెరువు తూము దగ్గర..." అని నోరు తెరిస్తే చాలు, "మళ్ళీ మొదలైంది బాబూ బురద పురాణం!" అని బంగారుచేప మొహం తిప్పుకునేది.

ఒకనాడు ఇల్లాలు ఒక పరిగ పిల్లను నీళ్ళ సంచిలో తెచ్చింది. సంచి ముడి విప్పకుండానే తొట్టి నీళ్ళ మీద తేలనిచ్చింది. లోపల పిల్ల గిలగిలా కొట్టుకుంది.

"సంచి చించుకుని వచ్చెయ్!" అంది బంగారుచేప.

"వద్దు తల్లీ," అంది ముసలి పరిగ. "ఆ నీళ్ళూ ఈ నీళ్ళూ ఒకే వెచ్చదనానికి రానీ. తొందరపడితే ప్రాణం మీదికొస్తుంది. ఇంతకీ ఎక్కడి నీళ్ళే అవి?"

"తామరచెరువువి అవ్వా, తూము దగ్గరివి."

ముసలిది సంచికి మూతి ఆనించి ఉండిపోయింది. "ఒక్క గుక్క దొరికితే చాలే నాకు," అంది.

కాసేపటికి ఇల్లాలు పిల్లను చిన్న వలతో తీసి తొట్టిలో వదిలింది. బయటి నీళ్ళు తొట్టిలో కలపకూడదని సంచిలోవి మొక్కకు పోసేసింది. ముసలిది ఉసూరుమంది.

పిల్ల మాట్లాడకుండా ఈదుకుంటూ వచ్చి, అవ్వ మూతికి మూతి ఆనించి, అంతసేపూ పుక్కిట పట్టిన నీళ్ళు వదిలింది.

"ఛీ, బురద వాసన!" అంది బంగారుచేప.

"అవునే," అంది ముసలి పరిగ.

చేపలకు రెప్పలుండవు గానీ, ఉంటే అప్పుడు కళ్ళు మూసుకునేదే.