హద్దు కర్ర

“మళ్లీ కర్ర పాతాడండీ!”

వాచ్‌మన్ జోసెఫ్ మాట వినగానే సుకుమార్ కాఫీ గ్లాసు వదిలేసి కాలనీ చివరికి పరుగెత్తాడు.

వట్లూరు పొలాల్లో లేచిన ఆ కొత్త కాలనీకి అతనే అసోసియేషన్ ప్రెసిడెంటు. ఏలూరు ఇటువైపు పెరిగేకొద్దీ స్థలాల ధరలు పెరిగాయి. దాంతోపాటు అతని అనుమానాలూ పెరిగాయి.

మురుగుకాలవ తూము దగ్గర ఒక ముసలాయన పార పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన కాలవలోంచి లాగిపోసిన గుర్రపుడెక్క కుప్ప. గట్టు మీద వెదురుకర్ర.

“ఏవండీ పెద్దాయనా, ఎవరండీ మీరు?”

“ఇక్కడివాణ్ణేనండి. జీవరత్నం అంటారు.”

“ఈ హద్దు కర్ర ఏంటండీ మరి?”

“హద్దు కాదండి. నీళ్లు ఎంతదాకా లేస్తాయో చూసుకోడానికండి. వానలొచ్చేస్తున్నాయి. తూము పూడిందంటే...”

“అవన్నీ మున్సిపాలిటీ చూసుకుంటుంది లెండి. మీరింక రాకండి.”

మాట మెత్తగానే అన్నాడు. కర్ర మాత్రం పీకి అవతల పారేశాడు.

“ఇవాళ కర్ర, రేపు పాక. నాకు తెలీదూ!” అంటూ ఆయన్ని గేటు దగ్గరే ఆపేయమని జోసెఫ్‌కి చెప్పాడు.

నెల తిరక్కుండానే ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దుటికి ఇళ్లల్లో మోకాల్లోతు నీళ్లు.

సుకుమార్ చేయని ఫోను లేదు. ఎవరూ రాలేదు.

పదింటికి ఉన్నట్టుండి నీళ్లు లాగేశాయి.

“మున్సిపాలిటీ వాళ్లు వచ్చినట్టున్నారు. మన ప్రెసిడెంటు గారంటే మాటలా!” అన్నారు మేడల మీంచి.

సుకుమార్ కాదనలేదు.

అంతలో జోసెఫ్ వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

“ఆ పెద్దాయన పొద్దున్నే గేటు దగ్గర బతిమాలారండి. మీరు వద్దన్నారు కదాని నేను పంపలేదు. గోడ అవతల్నించి కాలవలోకి దిగారండి.”

సుకుమార్ వెళ్లేసరికి జీవరత్నాన్ని గట్టు మీద పడుకోబెట్టారు. ఊపిరి లేదు. గుప్పిట్లో ఇంకా గుర్రపుడెక్క ఉంది.

నేనే చంపేశాను అనుకున్నాడు సుకుమార్. తలవైపు కూర్చున్న ఆయన భార్య సలోమి మొహం చూడలేకపోయాడు.

“మా ఇళ్లు మునిగితే ఆయనకెందుకమ్మా?” అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుంది.

“మీ ఇళ్ల కింద చేను మాదేనండి. ‘పల్లపు చేను, వానకి మునుగుద్దని కొన్నోళ్లకి చెప్పకుండా అమ్మేశానే సలోమీ’ అని రోజూ కుమిలిపోయేవోరండి.”