గోడ అవతల మీటింగ్

"ఎడమ చక్రం దిగలేదర్రా!" నిచ్చెన మీంచి పెయ్ తాత కేక పెట్టాడు.

అంతే, విమానాల ఫ్యాక్టరీ గోడ బయట సందడంతా చప్పున చల్లారింది. పొద్దుతిరుగుడు గింజలు నములుతున్న నోళ్లు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. చెంగ్డూలో ఈ గోడ పక్కన నిచ్చెనలు వేసుకుని, కొత్త యుద్ధ విమానాలకు ఫొటోలు తీసే పిచ్చి జనం వీళ్లు. పిచ్చివాళ్లే అయినా వాళ్లకో కట్టుబాటుంది. విమానం కష్టంలో పడితే కెమెరాలకు మూతలు పెట్టెయ్యాలి. నోళ్లకు కూడా. అది నేల మీద వాలేదాకా ఎవడు మాట్లాడినా అపశకునమే.

అందరికన్నా వెనక నిలబడ్డ రూయ్‌ఫెన్ మునివేళ్ల మీద లేచి చూసింది. ఆమె వచ్చేసరికే విమానం లేచిపోయింది. ఈ పాడు పొగమంచులో దాని రొద తప్ప ఏదీ తెలియడం లేదు.

పొద్దున ఆమె మొగుడు కుయాంగ్ నూడుల్స్ సగంలో వదిలేసి లేచాడు. "ఇవాళ మీటింగుంది," అన్నాడు. మీటింగంటే ఎగరడమని ఏ టెస్ట్ పైలట్ పెళ్లానికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఎప్పుడు ఎగురుతున్నదీ అతను చెప్పకూడదు, ఆమె అడగకూడదు. ఈ గుంపులో సెలూన్ నడుపుకునే ఫాన్‌కి తెలిసినంత కూడా కట్టుకున్నదానికి తెలియకూడదు! అందుకే కూరగాయలకని చెప్పి ఇక్కడికొచ్చి నిలబడుతుంది. తనెవరో వీళ్లకీ చెప్పలేదు. చెబితే అతని ఉద్యోగానికే ముప్పు.

రొద మళ్లీ నెత్తి మీదికొచ్చింది. ఇక ఉండబట్టలేకపోయింది.

"తాతా, దిగు. నేనెక్కుతాను."

"ష్!" తాత పెదవుల మీద వేలు పెట్టాడు.

"దిగమంటున్నానా!"

ఆ గొంతు విని తాత బిత్తరపోయి దిగాడు. ఆమె గబగబా ఎక్కేసింది.

"ఈవిడకేమన్నా దెయ్యం పట్టిందా?" ఫాన్ గొణిగాడు. తాత అతని డొక్కలో ఒక్క పోటు పొడిచాడు.

గోడ అవతల రన్‌వే పక్కన అగ్నిమాపక బళ్లు వరసకట్టాయి. మంచులో నల్లటి మచ్చలా విమానం వంగింది, చుట్టు తిరిగింది, కిందికొచ్చింది, వాలకుండా మళ్లీ లేచింది. రూయ్‌ఫెన్ క్వాన్‌యిన్ తల్లికి మొక్కింది. ఆ వెంటనే మొగుణ్ణి తిట్టుకుంది. ఇంటికి రా, చెప్తాను నీ పని! నాకు నువ్వు కావాలి గాని నీ విమానాలు కాదు. ఇకనుంచి నీకు మీటింగుల్లేవు!

ఇంతలో ఎడమ చక్రం టక్కున ఊడిపడ్డట్టు కిందికి దిగింది. టైర్లు నేలకు రాసుకుని పొగలేచింది. తోక వెనక వేగం తగ్గించే గొడుగు విచ్చుకుంది. విమానం ఆగింది.

గోడ బయట మూతలన్నీ ఊడాయి. ఒకటే ఈలలు, చప్పట్లు.

"తాతా, నీ కెమెరా ఇటివ్వు!" రూయ్‌ఫెన్ వంగి అతని మెళ్లోంచి లాక్కున్నంత పని చేసింది. మొగుడి మొహం చూడాలి, అంతే. లెన్సులోంచి ముక్కు నుంచి తోక దాకా వెతికింది. మళ్లీ వెతికింది.

"తాతా! అద్దమేది? లోపల మనిషేడీ?"

"మనిషా?" తాత నోరు తెరిచాడు. "అందులో మనిషెక్కడుంటాడమ్మాయ్? అది డ్రోను! ఎవడో ఏసీ గదిలో కూర్చుని, దాని కంటితో చూస్తూ నడుపుతాడు."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ!"

"నోరెత్తకూడదు కదే! అయినా ఇన్నాళ్లుగా వస్తున్నావు, ఆ మాత్రం తెలీదూ?"

"ఈవిడ గింజలు నమలడానికొస్తుంది తాతా, విమానాలు చూడ్డానిక్కాదు," అన్నాడు ఫాన్. అందరూ ఘొల్లుమన్నారు.

రూయ్‌ఫెన్ కూడా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. పాపం, ఇవాళ నిజంగానే మీటింగన్నమాట! ఊరికే అనుమానించి, ఊరికే తిట్టిపోసింది మనిషిని. సాయంత్రం అతనికిష్టమైన చేపల పులుసు చెయ్యాలి.

జేబులో ఫోన్ మోగింది. కుయాంగే.

"మీటింగైపోయింది," అలిసిపోయిన గొంతుతో అన్నాడు. "ఎక్కడున్నావ్?"

"ఎక్కడుంటాను, మార్కెట్లో. వంకాయలు బేరమాడుతున్నా."



"వంకాయలకి నిచ్చెనెందుకే? ముందు దిగు, పడతావు!"