ఫ్యాను కింద కాగితాలు

కరెంటు వచ్చింది. కట్టేయడం మరిచిన ఫ్యాను గిర్రున తిరిగింది. బల్ల మీది సైన్సు రికార్డుల కాగితాలన్నీ లేచి గదంతా పరుచుకున్నాయి.

పరిమళ నెత్తిన చేతులు పెట్టుకుంది. పెనుగంచిప్రోలు బడికి టీచరుగా వచ్చి నెల కాలేదు. కొత్త అట్టలు వేసి కుట్టాలని పాత దారాలు తనే ఊడదీసింది. పేర్లేమో చిరిగిన పాత అట్టలతో పోయాయి. తనిఖీ ఆఫీసరు నందిగామ దాటారని ఇప్పుడే ఫోను.

"పద్దెనిమిది మందివి కలిసిపోయాయి. పిల్లలొచ్చే వేళకి ఆయనా వచ్చేస్తారు. నాకు మెమో ఖాయం రత్తమ్మగారూ!"

ఆయా రత్తమ్మ చీపురు గోడకి ఆనించి కింద కూర్చుంది. పదిహేనేళ్లుగా ఆ గది ఊడుస్తున్న మనిషి.

"ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మో చెప్పండి మేడమ్."

"ఉల్లిపొర, ఆకు, కన్ను, గుండె, మూత్రపిండం."

"నేను చెప్తుంటా, మీరు అట్టల మీద పేర్లు రాసుకోండి." ఒక కాగితం తిరగేసి వేలితో తడిమింది. "ఇది బెన్నిగాడిది. పెన్సిలు గుచ్చి గుచ్చి గీస్తాడు, వెనక్కి ఎట్లా పొడుచుకొచ్చిందో చూడండి. ఈ మసక జాకియాది. ఎడంచేతి పిల్ల, గీసిందల్లా తనే తుడిచేసుకుంటది. రబ్బరుతో చిల్లి పెట్టింది అనీసు. గుండె గీయమంటే దోసకాయ గీసింది బేబి."

అంత కంగారులోనూ పరిమళకి నవ్వొచ్చింది. "నాకన్నీ ఒక్కలాగే ఉన్నాయి. మీకెట్లా తెలుస్తోందండీ?"

"రోజూ చూసేదాన్నిగా. రాయండి, టైమైపోతోంది."

ఆఖరి రికార్డు కుట్టి ముడి వేస్తుండగా గేటు దగ్గర జీపు ఆగింది.

ఆఫీసరు ఒక రికార్డు తీసి జాకియాని పిలిచారు. "నీదేనా?"

జాకియా ఆకు బొమ్మ చూసుకుంది. "నాదేనండి."

బెన్నినీ అడిగారు, బేబినీ అడిగారు. అందరూ నాదేనన్నారు. బొమ్మలు వరస తప్పలేదు.

"ఇంత పద్ధతిగా ఎవరు సర్దారమ్మా?"

పరిమళ గుమ్మం దగ్గరున్న రత్తమ్మని చూపించింది. "మా రత్తమ్మగారండి."

"అయితే రికార్డుల రిజిస్టరులో ఆమె పేరే రాసి సంతకం చేయించండి."

పరిమళ సంతోషంగా పేరు రాసి, రెండు చేతులతో పెన్ను అందించింది. "ఇక్కడ, రత్తమ్మగారూ."

రత్తమ్మ ఎడమ బొటనవేలు చాపింది.