నాలుగో బొమ్మ

"అరవై దాటాయి, ఇంకా గంట తాడు పట్టుకుని వేలాడతావుటే?" అంది రూజా, ఆయాసంలో నవ్వు ఆపుకోలేక.

"లాగమని ఎగదోసింది నువ్వే కదక్కా!" అంది స్మిల్యా.

చిన్ననాటి చర్చిలన్నీ చుట్టబెట్టి, చివరిదాంట్లో గంట కొట్టేసి, కేకలేస్తున్న కాపలాదారుకి దొరక్కుండా అక్కచెల్లెళ్ళిద్దరూ జెమున్ ఊరి గుట్ట మీది సమాధుల తోటలోకి పరుగెత్తుకొచ్చారు. ఇంటి వాటాల దగ్గర మాటామాటా అనుకుని ఏళ్ళ తరబడి మొహాలు చూసుకోని వాళ్ళు, నిన్న ఒక పెళ్ళిలో ఎదురుపడి కలిసిపోయారు.

అమ్మానాన్నల సమాధిరాయి మీద చెక్కిన ముఖాల బొమ్మలు రెండే ఉండాలి. నాలుగున్నాయి. మూడోది అక్క. బతికుండగానే తమ బొమ్మ చెక్కించుకోవడం ఆ ఊళ్ళో మామూలే. నాలుగోది ముందు పళ్ళు ఊడిన పిల్ల.

"అక్కా, ఇది నేనే!"

"మరెవరనుకున్నావు?"

"చచ్చాక కూడా నేను తొర్రిపళ్ళతోనే ఉండాలా? ఇంకో ఫోటోనే దొరకలేదా?"

"మిగతావన్నీ కోపంలో చింపేశానే!"

ఇద్దరూ రాయి పట్టుకుని కడుపుబ్బా నవ్వారు. ఉన్నట్టుండి స్మిల్యా ఆగిపోయింది.

"అంటే, ఇది చెక్కించింది మనకి మాటల్లేనప్పుడా?"

"మాట్లాడనన్నాను గానీ, పక్కన చోటివ్వనన్నానా?"

స్మిల్యా సంచిలోంచి ప్లమ్ పళ్ళ సారా సీసా తీసి, పోయినవాళ్ళకి ఒంపే ఆనవాయితీ ప్రకారం అమ్మ పేరు ముందు కాస్త, నాన్న పేరు ముందు కాస్త నేల మీద ఒంపింది. తొర్రిపళ్ళ పిల్ల దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది.

"దీని వాటా నేనే తాగుతాను," అని గుటకేసి, సీసా అక్క చేతిలో పెట్టింది. "ఇంద, నీ వాటా."