చెంగమ్మ పాడు

“గడ్డపార దించితే నా కాలి మీద దించు పళనీ,” అంది చెంగమ్మ.

ఎన్నూరులో ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, మోకాటి లోతు బురదలో, ఆల్చిప్పల దిబ్బ మీద నిలబడి ఉంది ఆవిడ. డెబ్భై ఏళ్ళుంటాయి. పక్కన కోడలు కోకిల. ఎదురుగా గడ్డపారలు పట్టుకున్న పన్నెండుమంది కూలీలు, వాళ్ళ వెనక రెండు ఖాళీ పడవలు. కూలీల పెద్ద పళని తల వంచుకున్నాడు. వాడూ అవతలి గట్టు మీది జాలరి కుప్పం మనిషే.

“నేనేం చేసేది అవ్వా? కూలికొచ్చినోణ్ణి.”

“కూలికొస్తే కూలి చేసుకో. కూల్చే పనికెందుకొచ్చినావు?”

కూల్చడమే మరి. ఆ దిబ్బే కదా సముద్రపు అలకి అడ్డం. దాని వెనకే చెంగమ్మ వాళ్ళ కుప్పం, నలభై గుడిసెల పల్లె. రొయ్యపిల్ల దాక్కుని పెరిగేదీ ఆ చిప్పల సందుల్లోనే. దిబ్బ పడవలకెక్కిందంటే వచ్చే వానాకాలానికి ఆ గుడిసెలుండవు.

గట్టు మీద గొడుగేసుకుని జనార్దనం నిలబడ్డాడు. వాషర్‌మెన్‌పేటలో చిప్పలు కాల్చే సున్నపు బట్టీ ఆయనది. పక్కన నోటుపుస్తకంతో సర్కారు ఆఫీసరు దామోదరం. కడప వైపు మనిషి, పోయిన నెలే ఈ ఆఫీసుకి మారాడు. బతికున్న చిప్పల దిబ్బని ఎవరూ తవ్వకూడదని రూలు. చచ్చిన దిబ్బ అని కాగితం పుడితే మాత్రం బట్టీవాళ్ళు తవ్వుకుపోవచ్చు. పాత ఆఫీసరు నాళ్ళలో అట్లాగే జరిగింది. ఇప్పుడా కాగితం రాయాల్సింది దామోదరం.

“అంతా చచ్చిన చిప్పే సార్,” అన్నాడు జనార్దనం. “ముసల్ది వట్టినే రచ్చ చేస్తా ఉండాది. మీరు రెండు ముక్కలు రాసిచ్చినారంటే, పోటు ఎక్కేలోగా ఒక పడవ నింపుకుంటాము.”

“చిప్పల సంగతి నాకు తెలీదు బ్బా. ఈడ పుట్టి పెరిగినోళ్ళ నోటితో వినాల,” అని దామోదరం బురద అంచుదాకా దిగాడు. “అవ్వా, ఇట్లా చూడు. ఈ చోటుని మీరేమంటారు?”

“పాడు సామీ.”

“పాడా?”

“ఆమా సామీ. మా అత్తకి వాళ్ళత్త నాటినుంచీ పాడే. మూడు తరాలుగా ఇది మా పాడు.”

దామోదరం రాసుకున్నాడు. జనార్దనం గొడుగు చాటుకి మొహం తిప్పుకుని నవ్వాడు.

మొగలో బతికేవాళ్ళకి పాడంటే వంతు. ఏ ఇంటివాళ్ళు ఏ రోజు ఏ చోట వల వెయ్యాలో, చిప్ప ఏరాలో చీట్లు వేసి పంచుకుంటారు. ఒకరి పాడులో ఇంకొకరు చెయ్యి పెట్టరు. ఇది పళనికి తెలుసు, జనార్దనానికీ తెలుసు. కడప మనిషికి ఎట్లా తెలుస్తుంది?

“మూడు తరాలుగా పాడు...” అని దామోదరం రాసింది పైకి చదువుకుంటుంటే కోకిల అత్త చెయ్యి పట్టుకుంది.

“అత్తా, కొంప మునిగింది. ఆయన పాడైపోయిందని రాసుకుంటా ఉండాడు.”

చెంగమ్మ దామోదరం వైపు తిరిగింది. “అట్లా కాదు సామీ. పాడంటే...”

“చాల్లే ఊరుకోవే,” అని కసిరాడు జనార్దనం. “చెప్పిన నోటితోనే మింగుతావా? సార్, వీళ్ళ మాట గంటకొకటి. రాసింది రాసినట్టే ఉండనీండి.”

“అయితే ఈ చోటు పాడైపోయిందని నువ్వూ ఒప్పుకుంటావా?”

“ఒప్పుకునేదేంది సార్? నా కళ్ళతో చూస్తా ఉండా. ఒక్క ప్రాణం లేదు ఆడ.”

“సాక్షి సంతకం పెట్టు మరి.”

జనార్దనం తెలుగులో ఒకటి, అరవంలో ఒకటి, రెండు సంతకాలు పెట్టాడు. పెట్టి, కూలీల వైపు తిరిగాడు. “ఇంకా ఏం చూస్తా ఉండావు పళనీ? దించరా.”

కోకిల బురదలో కూలబడింది. చెంగమ్మ వంగి రెండు చేతులా దిబ్బని పట్టుకుంది. చిప్పల అంచులు దిగి అరచేతుల్లోంచి రక్తం నీళ్ళలోకి జారుతోంది. ఆవిడ వదల్లేదు.

“ముసల్దాన్ని లాగి గట్టు మీద పడెయ్యండి,” అన్నాడు జనార్దనం.

పళని దగ్గరికొచ్చాడు. “లే అవ్వా. నిన్ను లాగే పాపం నాకొద్దు.”

“లాగు నాయనా. మీ అమ్మకి నొప్పులొచ్చినప్పుడు నిన్ను లాగింది ఈ చేతులే. ఇప్పుడు నీ వంతు.”

పళని చెయ్యి గాల్లోనే ఆగింది. వెనక కూలీ ఒకడు వాణ్ణి పక్కకి నెట్టి గడ్డపార ఎత్తాడు.

“ఆగండి బ్బా,” అన్నాడు దామోదరం. “నేనింకా చదవనేలేదు.”

చదివాడు. “ఈ చోటు మూడు తరాలుగా పాడైపోయిందని ఇక్కడి మనిషి చెప్పింది. బట్టీ యజమాని సాక్షి సంతకం చేశాడు. కాబట్టి ఇది మళ్ళీ బాగుపడేవరకు, పదేళ్ళపాటు, ఇక్కడ గడ్డపార పడకూడదు, చిప్పల పడవ ఆగకూడదు. దీన్ని బాగుచేసే భారం ఈ కుప్పం ఆడవాళ్ళకి అప్పగించడమైనది.”

దామోదరం కాగితం మడుస్తూ, “మావైపు మేకలు తినేసిన కొండల్ని ఇట్లనే మూసిపెట్టి బతికించినాము. చచ్చినదాన్ని తవ్వితే ఇంకేం లేస్తాది?” అన్నాడు.

జనార్దనం గొడుగు బురదలో పడింది.

“సార్, సార్, తప్పయిపోయింది. పాడంటే పాడైంది కాదు సార్. వీళ్ళ మాటలో వంతు, వేట వంతు. దిబ్బకేమీ కాలేదు. ఆడ చిప్పంతా ప్రాణంతోనే ఉండాది, నా బిడ్డల మీద ఒట్టు.”

దామోదరం పెన్ను మూత మళ్ళీ తీశాడు.

“ప్రాణంతో ఉంటే పదేళ్ళని రాయకూడదు గద బ్బా. ఎప్పటికీ అని రాయాల.”